యంత్రము నేర్చిన అన్వయము

త్వష్ట కథ వ్యాకరణము చదువుకొన్నవారికి క్రొత్త గాదు. తన కుమారుడగు విశ్వరూపుని ఇంద్రుడు సంహరించెనని ఆగ్రహించి, ఇంద్రుని చంపగల మరియొక కుమారుడు కలుగవలెనని అతడు హోమము చేసెను. ఆ సందర్భమున పలికిన మంత్రములో 'ఇంద్రశత్రు' అను సమాసము కలదు. ఇచట శత్రువనగా సంహరించువాడని అర్థము. తత్పురుషముగా విడదీసినచో అది 'ఇంద్రుని సంహరించువాడు' అగును. బహువ్రీహిగా విడదీసినచో 'ఇంద్రుడే సంహరించువాడుగా గలవాడు' అగును. పలుకుటలో స్వరము ఉండవలసిన అక్షరముపై గాక వేరొక అక్షరముపై పడినది. కోరినది ఒకటి, పలికినది మరియొకటి అయి, పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే హతుడయ్యెను. శబ్దమును సరిగా పలుకుట ఎందులకను ప్రశ్నకు పతంజలి తన మహాభాష్యములో ఈ ఉదంతమునే ఉదాహరణముగా చూపెను.

త్వష్ట మనస్సులో ఏమున్నదో హోమఫలము విచారింపలేదు. పలికిన మాటకు వ్యాకరణము ఏ అర్థమిచ్చెనో అదియే ఫలించినది. కంప్యూటరు స్వభావమును ఇంతకంటె చక్కగా తెలుపు పురాణకథ వేరొకటి కానరాదు. 2016 జూన్ 17వ తేదీన 'డావో' అను ఒక కంప్యూటరు ఒప్పందము నుండి సుమారు 36 లక్షల ఈథరు నాణెములను, అనగా ఆనాటి ధరలో 5 కోట్ల డాలర్లకు పైబడిన ధనమును, ఎవరో తరలించుకొనిపోయిరి. తాళములు పగులలేదు. రహస్య సంకేతములు దొంగిలింపబడలేదు. ఒప్పందములోని వాక్యములను యంత్రము వ్రాసినవి వ్రాసినట్లే అన్వయించి అమలుపరచినది, అంతే.

వ్రాసిన వాక్యమును యంత్రము ఎట్లు అన్వయించును? ఆ విద్య దానికి ఎవరు, ఎప్పుడు నేర్పిరి? ధనము చేతులు మారు ఒప్పందములను కూడ దాని అన్వయమునకు విడిచిపెట్టిన తరువాత ఏమి జరిగినది? ఈ చరిత్ర డెబ్బది ఏండ్లకు కొంచెము పైబడినది.

తలక్రిందుల చెట్టు

పద్యము పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుడు మొదట పదచ్ఛేదము చేయించును. పిదప అన్వయము చెప్పించును. సంస్కృత పాఠములలో ఖండాన్వయమను పద్ధతి యొకటి కలదు. ముందుగా ప్రధాన క్రియను పట్టుకొని, ఎవడు? దేనిని? దేనిచేత? ఎట్టివాడు? అని ప్రశ్నించుచు ఒక్కొక్క పదమును దానికి తగిన చోట చేర్చుదురు. ఈ ప్రశ్నలను, జవాబులను కాగితముపై గీతలతో కలిపినచో ఒక చెట్టు బొమ్మ ఏర్పడును. పైన క్రియ, దాని క్రింద కర్తయు కర్మయు, వాని క్రింద విశేషణములు. మూలము పైనను కొమ్మలు క్రిందను ఉండుటచే గీత చదివినవారికి అశ్వత్థ వృక్షము జ్ఞప్తికి రావచ్చును. కంప్యూటరు శాస్త్రములో దీనికి వాక్యవృక్షమని పేరు పెట్టవచ్చును. అక్షరముల వరుసను తీసుకొని ఈ వృక్షమును నిర్మించు ప్రోగ్రామునకు పార్సరు అని పేరు.

గణితములో ఒక చిన్న ఉదాహరణ చాలును. క + గ × చ అని వ్రాసినపుడు కాగితముపై నున్నది అయిదు గుర్తుల వరుస మాత్రమే. గుణకారము ముందు చేయవలెనని ఆ వరుసలో ఎక్కడను వ్రాసి లేదు. అది చదువువాని చదువులో నున్నది. వృక్షముగా గీసినచో పైన '+' ఉండును. దాని ఎడమ కొమ్మ క. కుడి కొమ్మ '×', దాని క్రింద గ, చ. క స్థానమున 2, గ స్థానమున 3, చ స్థానమున 4 ఉంచినచో 14 వచ్చును. '×'ను పైన పెట్టి, దాని ఎడమ కొమ్మగా 'క + గ'ను గీసినచో 20 వచ్చును. అక్షరములు అవియే, వరుస అదియే. చెట్టు మారినది కనుక విలువ మారినది.

కుండలీకరణముల పర్వతము

తొలి కంప్యూటర్లకు సూత్రములను ఇట్లు వ్రాసి ఇచ్చుటకు వీలులేకుండెను. ఒక్కొక్క కూడికను, ఒక్కొక్క గుణకారమును మనుష్యుడే విడదీసి, యంత్ర సంకేతములలో పేర్చవలసి వచ్చెడిది. సూత్రమును సూత్రముగానే ఇచ్చి, విడదీయు పనిని యంత్రమునకే అప్పగించిన తొలివారిలో జూరిచ్ నగరపు సాంకేతిక విద్యాలయమునకు చెందిన హైన్స్ రూటిస్‌హౌసర్ ఒకడు. 1952లో ప్రకటించిన గ్రంథమున అతడు చూపిన ఉపాయము సరళమైనది. సూత్రమంతయు కుండలీకరణములతో వ్రాయవలెను. ఎడమ నుండి చదువుచు, కుండలీకరణము తెరచినపుడు ఒక మెట్టు ఎక్కి, మూసినపుడు ఒక మెట్టు దిగవలెను. అపుడు సూత్రము శిఖరములు, లోయలు గల పర్వతము వలె కనబడును. అన్నిటికంటె ఎత్తైన శిఖరమున ఉన్న లెక్కను ముందు చేసి, దాని స్థానమున ఫలితమును వ్రాసి, మరల మొదటి నుండి చదువవలెను. పద్ధతి సరియైనదే గాని, ఒక్క సూత్రమునకు ఎన్నో మారులు మొదటికి రావలసి యుండెను.

అమెరికాలో జాన్ బాకస్ నాయకత్వమున ఐ.బి.ఎం. వారు 1957లో విడుదల చేసిన ఫోర్ట్రాన్‌లో ఒక చమత్కారము కలదు. ప్రతి '+' గుర్తునకు ముందు రెండు మూయు కుండలీకరణములు, తరువాత రెండు తెరచు కుండలీకరణములు చేర్చుదురు. '×' గుర్తునకు ముందొకటి, వెనుకొకటి చాలును. సూత్రము మొదట రెండు తెరచి, చివర రెండు మూయుదురు. క + గ × చ అనునది ((క))+((గ)×(చ)) అగును. విద్యార్థులు ఇట్టివి నాలుగైదు వ్రాసి చూచిన, లెక్క ఎన్నడును తప్పదని గ్రహింపగలరు. గుణకారము కూడికకంటె బలమైనదను నియమమును యంత్రమునకు విడిగా చెప్పనక్కరలేకుండ కుండలీకరణములే చెప్పుచున్నవి. చూచుటకు ఇది మోటుగా తోచినను, పని జరిగినది.

జర్మనీలోని మ్యూనిచ్‌లో ఫ్రీడ్రిష్ బవర్, క్లౌస్ జామెల్సన్ అను వారు వేరొక మార్గము త్రొక్కిరి. ఒక్కమారు ఎడమ నుండి కుడికి చదువుటలోనే పని ముగియవలెనని వారి కోరిక. ఇప్పుడే చేయుటకు వీలులేని దానిని ఒక దొంతిపై పెట్టవలెను. సమయము వచ్చినపుడు పైనున్న దానిని ముందు తీయవలెను. కడిగిన కంచములను ఒకదానిపై నొకటి పెట్టి, పైదానిని ముందు తీసినట్లే. దీనికి వారు జర్మను భాషలో నేలమాళిగ అను అర్థము వచ్చు పేరు పెట్టి, 1957లో పేటెంటునకు దరఖాస్తు చేసిరి. ఇపుడు లోకమంతట దానిని స్టాకు అందురు.

హాలెండు దేశపు ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1961లో ఇట్టి పద్ధతినే రైలు కూడలితో పోల్చి వివరించెను. విజయవాడలోనో, కాజీపేటలోనో పెట్టెలను ప్రక్క పట్టాలపైకి మళ్ళించి మరల బండికి తగిలించుట చూచినవారికి ఈ పోలిక వెంటనే బోధపడును. క, గ, చ అను పేర్లు తిన్నగా ముందుకు సాగిపోవును. '+', '×' గుర్తులు ప్రక్క పట్టాపై ఆగి, తమకంటె బలహీనమైన గుర్తు వచ్చువరకు, లేక సూత్రము ముగియువరకు వేచియుండును. తుదకు బయటికి వచ్చు బండి వరుస: క గ చ × +. పోలండు తార్కికుడు లుకాసెవిచ్ 1924లో గుర్తులను ముందు పెట్టి కుండలీకరణములు లేకుండ వ్రాయు పద్ధతిని కనుగొనెను. ఇది దానికి తిరుగుముఖము. ఆంగ్లేయులకు ఇది వింతగా నుండవచ్చును గాని, తెలుగువారికి వింత యేమున్నది? 'కకు, గను చతో గుణించగా వచ్చినదానిని కలుపుము' అని చివర క్రియను పలుకుట మన వాక్యమునకు సహజమే.

వ్యాకరణము వ్రాయుట

ఇంతవరకు చెప్పినవి ఉపాయములు. ఏది వాక్యము, ఏది కాదు అని నిర్ణయించు శాస్త్రము అప్పటికి లేదు. భాషాశాస్త్రజ్ఞుడు నోం చామ్‌స్కీ 1956లో వ్యాకరణములను గణిత రీత్యా తరగతులుగా విభజించెను. 1959లో పారిస్‌లో జరిగిన సమావేశమునకు సమర్పించిన పత్రములో బాకస్ ఒక ప్రోగ్రాము భాషకు సూత్రరూపమున వ్యాకరణము వ్రాసి చూపెను. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పీటర్ నౌర్ దానిని సంస్కరించి 1960 నాటి ఆల్గాల్ భాషా నివేదికలో వాడెను. పై ఉదాహరణమునకు అట్టి వ్యాకరణము ఇట్లుండును:

మొత్తము ::= లబ్ధము | మొత్తము + లబ్ధము
లబ్ధము ::= కారణాంకము | లబ్ధము × కారణాంకము
కారణాంకము ::= పేరు | ( మొత్తము )

నిలువు గీతకు 'లేక' అని అర్థము. మొత్తమును నిర్వచించుటకు మొత్తమునే వాడుట మొదట కలవరపెట్టును. కాని ఎంత పొడవైన సూత్రమునైనను మూడు పంక్తులు పట్టియుంచుటకు కారణము అదియే. గుణకారము బలమైనదను సంగతి కూడ ఈ పంక్తుల అమరికలోనే ఇమిడియున్నది, వేరుగా చెప్పనక్కరలేదు.

సూత్రములతో ఒక భాషనంతటిని బంధించుట భారతీయులకు పాణిని నాటి నుండి తెలిసిన విద్య. పీటర్ ఇంగర్‌మన్ అను అమెరికను 1967లో ఒక వృత్తి పత్రికకు లేఖ వ్రాయుచు, ఈ వ్రాతపద్ధతికి పాణిని-బాకస్ రూపమని పేరు పెట్టుట న్యాయమని సూచించెను. ఆ పేరు నిలువలేదు. బాకస్-నౌర్ రూపమను పేరే నిలిచినది. బాకస్ పాణినిని చూచి వ్రాసెనని చెప్పుకొనుట మాత్రము సరి గాదు. ఒకే అవసరము ఇరువురిని ఒకే దారికి తెచ్చినది.

వ్యాకరణము చేతికి వచ్చిన వెంటనే దానిలోని చిక్కులును బయటపడినవి. 'వాన వచ్చినచో, సెలవు ఇచ్చినచో ఇంటికి పొమ్ము, లేనిచో చదువుము' అను వాక్యములో 'లేనిచో' అనునది వానకు చెందునా, సెలవునకు చెందునా? ఆల్గాల్ వ్యాకరణములో సరిగా ఇట్టి సందిగ్ధము దొరకినది. ఒకే వాక్యమునకు రెండు వృక్షములు! అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి 1962లో తేలినది. ఈ జాతి వ్యాకరణము నేది ఇచ్చినను అందులో సందిగ్ధత కలదో లేదో తప్పక చెప్పగల సర్వసాధారణ పద్ధతి అసంభవమని డేవిడ్ కాంటర్, రాబర్ట్ ఫ్లాయిడ్ వేరువేరుగా నిరూపించిరి. కనుక అన్ని వ్యాకరణములను గాక, మచ్చికయైన కొన్నిటిని ఎన్నుకొనుటయే మార్గము. డొనాల్డ్ నూత్ 1965లో అట్టి ఒక విశాలమైన తరగతిని వర్ణించి, దానిలోని ఏ వాక్యమునైనను, దాని నిడివికి అనులోమానుపాతమైన కాలములోనే, ఒక్కమారు చదివి అన్వయింపవచ్చునని చూపెను. ఆ తరగతిలో సందిగ్ధ వ్యాకరణమునకు చోటు లేదు. అంతకు కొంచెము ముందే జాన్ మెకార్తీ, కుండలీకరణములు, విరామచిహ్నములు మొదలగు పైతొడుగులను విడిచి సారము మాత్రమే ఉంచుకొను వృక్షమును ప్రతిపాదించియుండెను. పద్యార్థము తెలిసిన పిదప యతిప్రాసలతో పని లేనట్లే. 1975లో బెల్ ప్రయోగశాలకు చెందిన స్టీఫెన్ జాన్సన్ 'యాక్' అను పనిముట్టును గూర్చి నివేదిక ప్రకటించెను. వ్యాకరణమును ఇచ్చినచో పార్సరును అదియే తయారుచేయును. అంతటితో పార్సింగు ముగిసిన సమస్య యని చాలమంది తలచిరి.

ఒప్పందము ప్రోగ్రాము అయినపుడు

నిక్ సాబో అను అమెరికా దేశీయుడు 1994లో స్మార్టు కాంట్రాక్టు అను మాటను వాడుకలోనికి తెచ్చెను. నాణెము వేసినచో సరుకు తనంతట తానే ఇచ్చు యంత్రమును దానికి పూర్వరూపముగా అతడు పేర్కొనెను. అందులో ఒప్పందము కాగితముపై గాక యంత్రపు ఇనుములోనే ఉన్నది. విటాలిక్ బ్యుటెరిన్ 2013 చివర ఊహించి, 2015 జూలై 30వ తేదీన ప్రారంభమైన ఎథీరియం ఈ ఊహను ఇనుము నుండి ప్రోగ్రామునకు మార్చినది. దాని ఒప్పందములను వ్రాయుటకు ముఖ్యముగా వాడు భాష సాలిడిటీ. దానిని 2014లో గావిన్ వుడ్ ప్రతిపాదింపగా, క్రిస్టియన్ రైట్‌వీస్నర్ ప్రభృతులు నిర్మించిరి.

సామాన్య ప్రోగ్రామునకును దీనికిని గల తేడాను గుర్తింపవలెను. సాలిడిటీలో వ్రాసిన పాఠమును కంపైలరు యంత్రసంకేతముగా మార్చును. ఆ సంకేతము ప్రపంచమంతట నున్న వేలకొలది కంప్యూటర్లలో ఒకేరీతిగా నమోదగును. ఒకమారు నమోదైన దానిని దిద్దుటకు సామాన్యముగా వీలులేదు. దానిలో ఎవరైనను ధనము వేయవచ్చును. దాని ప్రమేయములను ఎవరైనను పిలువవచ్చును. అచ్చుతప్పు పట్టికను తరువాత జతపరచుటకు ఇందు చోటు లేదు.

'బాకీ = బాకీ - సొమ్ము;' అను పంక్తిని కంపైలరు చదువు తీరు ఇది. మొదట పదచ్ఛేదము. అక్షరములు కూడి ఆరు మాటలగును: బాకీ, =, బాకీ, -, సొమ్ము, చివరి విరామచిహ్నము. ఖాళీలును, వ్యాఖ్యలును ఇచ్చటనే రాలిపోవును. పిదప పార్సరు ప్రవేశించును. సాలిడిటీ పార్సరును యాక్ వంటి పనిముట్టు తయారుచేయలేదు, చేతితో వ్రాసినదే. ఖండాన్వయము వలె పైనుండి క్రిందికి ప్రశ్నించుచు పోవును. ఇది ఒప్పందమా? అయినచో పేరేమి? లోపల ప్రమేయమున్నదా? ప్రమేయములో మొదటి వాక్యమేది? ఆ వాక్యము విలువ నిచ్చునదా? అయినచో ఎడమ నేమున్నది, కుడి నేమున్నది? ఈ పంక్తికి తుదకు వచ్చు కొమ్మలో పైన '=' ఉండును; ఎడమ బాకీ, కుడి '-' గుర్తు, దాని క్రింద బాకీ, సొమ్ము. తరువాతి పనులన్నియు, అనగా పేర్ల సంబంధమును తేల్చుట, రకములను సరిచూచుట, యంత్రసంకేతము వెలువరించుట, ఈ వృక్షముపైననే జరుగును. వృక్షమును విడిగా వ్రాసి ఇమ్మని కంపైలరును అడుగవచ్చును కూడ. తనిఖీదారులకు అది చాల ఉపయోగపడినది.

ఇక వృక్షము సరిగానే పెరిగి మనుష్యుడు మోసపోయిన సందర్భములు చూడవలెను. 2016 చివరను అమ్మకమునకు వచ్చిన హాకర్ గోల్డ్ అను నాణెపు ఒప్పందములో, ఒకని ఖాతాకు సొమ్ము కూర్చు చోట '+=' అని వ్రాయుటకు బదులు '=+' అని పడినది. పదచ్ఛేదములో వీలైనంత పొడవైన మాటను ఏరుట నియమము. '+=' అనునది భాషలో ఒకే మాట; ఉన్నదానికి కలుపుమని అర్థము. '=+' అను మాట లేదు గనుక అది '=', '+' అని రెండుగా విడిపోవును. రెండవది సంఖ్యకు ముందుండు ధనచిహ్నమై కూర్చుండును. వాక్యము వ్యాకరణ సమ్మతమే. అర్థము మాత్రము 'పాత నిల్వను తుడిచి క్రొత్త సొమ్మును వ్రాయుము' అని. రెండు గుర్తులు తారుమారగుటచే చెట్టు రూపమే మారిపోయినది.

అదే సంవత్సరము రూబిక్సీ అను ఒప్పందమున వేరొక వింత జరిగినది. ఆ రోజులలో సాలిడిటీలో ఒప్పందమును స్థాపించునపుడు ఒక్కమారు మాత్రమే నడచు ప్రమేయమునకు ఒప్పందము పేరే పెట్టవలెను. దాని పనియే యజమానిని నియమించుట. రచయితలు ఒప్పందమునకు మొదట డైనమిక్ పిరమిడ్ అని పేరు పెట్టి, పిదప రూబిక్సీ అని మార్చిరి. లోపలి ప్రమేయము పేరు మార్చుట మరచిరి. పేర్లు కలియలేదు గనుక కంపైలరు దానిని సామాన్య ప్రమేయముగా గ్రహించినది. దారిన పోవువాడెవడైనను దానిని పిలిచి తానే యజమానినని నమోదు చేసికొని, చేరిన రుసుమును తీసుకొనుటకు వీలయ్యెను. పేరునకు తగినట్లు అది పిరమిడ్ తరహా గొలుసు పథకమే. కనుక దాని రచయితలను గూర్చి ఎక్కువ జాలి పడనక్కరలేదు. కాని తప్పు భాషలోను ఉన్నది. రెండు పేర్లు ఒకటగుట అను బలహీనమైన గుర్తుపై యజమాన్యము వంటి పెద్ద విషయమును నిలుపరాదు.

2017 జూలై 19వ తేదీన ప్యారిటీ అను సంస్థ వ్రాసిన ఉమ్మడి ఖజానా ఒప్పందముల నుండి 1,53,037 ఈథరు నాణెములు, సుమారు 3 కోట్ల డాలర్ల ధనము, పోయినవి. యజమానులను నియమించు ప్రమేయములకు 'వెలుపలివారు పిలువరాదు' అను మాటయు లేదు, 'ఇదివరకే నియమించినచో మరల కుదరదు' అను నిబంధనయు లేదు. పిలువగలవారెవరో చెప్పనిచో అందరును పిలువవచ్చునని ఆనాటి సాలిడిటీ అర్థము చేసికొనెడిది. తలుపునకు గడియ పెట్టితిమా లేదా అని వ్రాయనిచో తెరచియున్నదని భావించుట వంటిది ఇది.

డావో వృక్షము

ఇక డావో. 2016 ఏప్రిల్ 30 నుండి మే 28 వరకు జరిగిన విరాళముల సేకరణలో వేలాది జనులు దానిలో సుమారు 15 కోట్ల డాలర్ల విలువగల ఈథరును ఉంచిరి. సభ్యుడు విడిపోదలచినచో తన వాటా తీసుకొనిపోవుటకు ఒక ప్రమేయము కలదు. ఆ ప్రమేయపు వృక్షములో చివరి కొమ్మలను వరుసగా చదివినచో ముందు సభ్యునికి రావలసిన ప్రతిఫలమును చెల్లించు పిలుపు, దాని తరువాత అతని నిల్వను సున్న చేయు వాక్యము కనబడును. బ్యాంకులో గుమాస్తా ముందు నగదు చేతికిచ్చి, పిదప చిట్టాలో వ్రాసినట్లు. మనుష్యుల మధ్య అందులో ప్రమాదము తక్కువ. కాని ఎథీరియంలో ధనము అందుకొనునది వేరొక ఒప్పందమై యుండవచ్చును. ధనము అందిన క్షణముననే దాని ప్రోగ్రాము నడువసాగును. దొంగ ఒప్పందము అట్లు మేల్కొని, గుమాస్తా కలము ఎత్తకముందే మరల 'నా వాటా యిమ్ము' అని పిలిచినది. చిట్టాలో నిల్వ ఇంకను పాతదే. మరల చెల్లింపు, మరల పిలుపు.

ఆ ప్రమేయములోనే ఇంకొక పంక్తియు పరిశీలకుల దృష్టి నాకర్షించినది. బదిలీ అను అర్థముగల మాట అందులో ఆంగ్లపు పెద్ద అక్షరముతో మొదలగును. పెద్ద అక్షరముతో ఉన్నది కేవలము దినచర్యలో ఒక సంఘటనను నమోదు చేయునది. చిన్న అక్షరముతో ఉన్నది నిజముగా వాటాలను బదిలీ చేయు ప్రమేయము. రచయిత రెండవదానిని ఉద్దేశించి మొదటిదానిని వ్రాసియుండవచ్చునని కొందరు ఊహించిరి. ఉద్దేశమేదైనను, పార్సరు దృష్టిలో రెండింటికిని వృక్షము ఒక్కటే: ఒక పేరు, దానికి మూడు వాదములు, కలిపి ఒక పిలుపు. అక్షరములలో పెద్ద చిన్న భేదమే లేని తెలుగు లిపిలో ఈ చిక్కు ఊహించుటకే వీలులేదు.

ఇట్టి తప్పును వృక్షము చూచి ముందుగా పట్టుకొనవచ్చునా? 'ధనము పంపు పిలుపునకు తరువాత అదే ప్రమేయములో నిల్వను మార్చు వాక్యమున్నచో హెచ్చరింపుము' అని నియమము వ్రాయుట తేలికయే. కాని డావోలో ఆ పిలుపు కంటికెదురుగా లేదు. విడిపోవు ప్రమేయము ప్రతిఫలమిచ్చు ప్రమేయమును పిలుచును. అది వేరొక ఒప్పందములోని చెల్లింపు ప్రమేయమును పిలుచును. ఈథరు బయటికి పోవునది అక్కడ. కనుక ఒక్క వృక్షమును చూచిన చాలదు. పేర్ల వెంట ఒక వృక్షము నుండి మరియొక వృక్షమునకు దారములు కట్టి, నడక ఎటు సాగునో గుర్తింపవలెను. 2018లో ట్రెయిల్ ఆఫ్ బిట్స్ సంస్థ విడుదల చేసిన 'స్లిథర్' ఈ పని చేయును; సాలిడిటీ కంపైలరు వెలువరించు వృక్షమే దానికి ముడిసరుకు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయ పరిశోధకుల 'ఒయెంటె' 2016లోనే వేరొక దారి పట్టినది. మూలపాఠము దొరకకున్నను ఆగక, యంత్రసంకేతమునే పరీక్షించి, 19,366 ఒప్పందములలో 8,833 అనుమానాస్పదములని తేల్చినది. అనుమానాస్పదమైనదెల్ల దోషము కానక్కరలేదు. అయినను ఆ సంఖ్య చిన్నది గాదు.

డావో ధనమును తిరిగి ఇప్పించుటకు 2016 జూలై 20వ తేదీన ఎథీరియం చరిత్రనే చీల్చవలసి వచ్చెను. ఒప్పందము వ్రాసినట్లే నడచినది గదా, దానిని కాదనుట తగదని పట్టుబట్టినవారు పాత శాఖలోనే మిగిలిరి. అది ఎథీరియం క్లాసిక్ అను పేర కొనసాగినది. యంత్రపు అన్వయమునకు కట్టుబడుటయా, సభ్యుల ఉద్దేశమునకు కట్టుబడుటయా అను వివాదమునకు రెండు పక్షములును చెరియొక సమాధానము చెప్పుకొని విడిపోయినవి.

భాష నిర్మాతలు మాత్రము మెల్లగా వ్యాకరణమును దిద్దిరి. 2018 మార్చిలో సంఘటన నమోదునకు ప్రత్యేకమైన మాట యొకటి ప్రవేశపెట్టిరి. ఏప్రిల్‌లో స్థాపన ప్రమేయమునకు, ఒప్పందము పేరుతో నిమిత్తము లేని మాట ఏర్పడినది. ఆ సంవత్సరము నవంబరులో వెలువడిన 0.5.0 సంచికలో ఈ రెండును తప్పనిసరి అయినవి. పిలువగలవారెవరో ప్రతి ప్రమేయమునకు చెప్పనిచో పాఠము అంగీకరింపబడదు. సంఖ్యకు ముందుండు ధనచిహ్నము భాష నుండియే తొలగింపబడినది; '=+' అని వ్రాసినచో కంపైలరు అక్కడనే ఆగును. ఇదివరకు వృక్షములో కనబడని భేదములకు వృక్షములో చోటు దొరకినది. చెల్లింపు ముందా, చిట్టా ముందా అనునది మాత్రము వ్యాకరణముతో తేలునది గాదు. రెండు వరుసలును వాక్యములే. దానికి స్లిథర్ వంటి తనిఖీలును, వ్రాయువాని జాగ్రత్తయు కావలసి యున్నవి.

పాత ఒప్పందములు ఈ దిద్దుబాటుతో మారలేదు. నమోదైన యంత్రసంకేతము ఉన్నచోటనే ఉన్నది. వాని మూలపాఠమును ఇపుడు చదువదలచిన పార్సరునకు క్రొత్త వ్యాకరణము పనికిరాదు. అది ఆ పాఠములను తప్పులని త్రోసివేయును. అందుచే సాలిడిటీ పాఠములలో మొదటి పంక్తిగా తాను ఏ సంచికకు చెందినదో వ్రాసికొనుట వాడుక అయినది. తనిఖీదారులు ఆ పంక్తిని చూచి, ఆ నాటి వ్యాకరణము తెలిసిన కంపైలరును వెదకి తెచ్చి, దానిచేతనే అన్వయము చెప్పింతురు.